పెరటిలోని పాత కారు

వేటపాలెం పేరు చెప్పగానే శ్రోతలలో కొందరికి జీడిపప్పు, కొందరికి చేనేత చీరెలు, చదువరులకు సారస్వత నికేతనము జ్ఞప్తికి వచ్చును. 1918లో ఆ యూరి ఉత్సాహవంతులు నెలకొల్పిన గ్రంథాలయమది. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్రను అచట నేటికిని భద్రపరచి చూపుదురు. అయితే పరిశోధకులు దూరప్రాంతముల నుండి రైలెక్కి ఆ యూరికి వచ్చునది చేతికర్రను చూచుటకు కాదు, పాత పత్రికల కొరకు. చదువుట ముగిసిన పత్రికను ఎవరైనను పొట్లముల అంగడికి పంపుదురు. వేటపాలెము వారు పంపలేదు. సంపుటములుగా కుట్టించి, చెదపురుగు నుండియు సముద్రపు తేమ నుండియు కాపాడుకొనిరి. తాతలకు చిత్తుకాగితముగా తోచినది మనుమలకు చరిత్ర అయినది. నడుమనున్న తరము దానిని పారవేయకుండుటయే ఇందులోని రహస్యము.

ఈ మాట మోటారు కార్లకును చెల్లును. కారు కొన్న మొదటి దినమున దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు చక్రముల క్రింద ఉంచి, కొబ్బరికాయ కొట్టుదుము. పదునైదేండ్లు గడచిన పిమ్మట అది ఇంటివారికి బరువగును. ముప్పదియేండ్లకు తుక్కువాని తక్కెడలోనికి పోవును. ఆ గండము గడచి ఏబదియేండ్లు నిలిచినచో, దానిని చూచుటకు జనులు గుమికూడుదురు. ఇట్టి పాత కార్లను కొని, బాగుచేయించి, నడుపుకొనవలెనను కోరిక మన జిల్లాలలో నేడు హెచ్చుచున్నది. ఈ విషయమై శ్రోతలు మాకు వ్రాయు జాబులలో తరచు కనబడు ప్రశ్నలు మూడు: ఏ కారు కొనదగినది? కొనుటకు ముందు ఏమి చూడవలెను? కొన్న పిమ్మట చట్టమునకు లోబడి నడుపుట యెట్లు? వీనికి మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగ సంకల్పము.

ఈ విషయమున మా ఆసక్తి జాబులతో మొదలుకాలేదు. వేటపాలెములో మాకు చుట్టములున్నారు. ఆ యింటి పెద్దాయన నూలు వ్యాపారము చేసెడివాడు. ఆయన 1966లో కొన్న ఫియట్ 1100 డిలైటు కారు, ఆయన కాలము చేసిన తరువాత పెరటిలోని రేకుల షెడ్డులో నిలిచిపోయినది. దానిపై మిరపకాయల గోతాములు పేర్చిరి. దాని వెనుక సీటులో కోడి గ్రుడ్లు పెట్టినది. పెద్ద మనుమడు ఆ జాగా కావలెననెను. కుమార్తె పెండ్లికి పెరడు విశాలపరచవలెనట. తుక్కు వ్యాపారి వచ్చి బేరము కుదుర్చుకొని పోయెను. చిన్న మనుమడు, “అన్నయ్యా, తాతయ్య దగ్గర నేను డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదనే. నాకు వదిలెయ్యి” అనెను. అన్నదమ్ములు మూడు నెలలు సరిగా మాటలాడుకొనలేదు. తీర్పు చెప్పుమని మమ్ము పిలిచిరి. మేము తీర్పు చెప్పుటకు పోయి, పాఠము నేర్చుకొని వచ్చితిమి.

మొదట మాటల అర్థములు తెలిసికొందము. ‘వింటేజి’, ‘క్లాసిక్’ అను పదములను మనవారు ఒకదాని బదులొకటి వాడుదురు. చారిత్రక వాహనముల అంతర్జాతీయ సమాఖ్య వారి లెక్క వేరు. ముప్పదియేండ్లు నిండి, చారిత్రకముగా సరియైన స్థితిలో కాపాడబడినదే వారి దృష్టిలో చారిత్రక వాహనము. 1904 చివరి వరకు తయారైనవి ఆదిమ తరగతి. 1905 నుండి 1918 వరకు వెటరన్ తరగతి. 1919 నుండి 1930 వరకు వింటేజి. ఆపైన 1945 వరకు వింటేజి అనంతరము. 1946 మొదలు యుద్ధానంతర తరగతులు. మన దేశ చట్టము ఇంత సూక్ష్మమునకు పోలేదు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబదియేండ్లు దాటిన సొంత కార్లను, ద్విచక్ర వాహనములను ‘వింటేజి’ వాహనములుగా గుర్తించినది. అయితే ఒక షరతు కలదు. చాసిస్సు, పై రేకు నిర్మాణము, ఇంజిను మొదలగువానిలో పెద్ద మార్పులు జరుగక, వాహనము తన అసలు రూపములో ఉండవలెను.

తెలుగునాట పాత కారనగానే ముందు గుర్తుకు రావలసినది హైదరాబాదులోని రోల్సు-రాయిసు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లాండునకు పురమాయించిన ఈ ‘సిల్వర్ గోస్టు’, 1911లో ఆయన మరణించిన పిమ్మట, కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చినది. పై భాగమును బార్కర్ కంపెనీవారు నిర్మించిరి. పసుపుపచ్చని రంగు, వెనుకభాగమున సింహాసనము వలె ఎత్తైన ఆసనము. ఉత్సవ సమయములందు మాత్రమే కదలిన బండి కావున అది నడిచిన దూరము మిక్కిలి తక్కువ. నేడది చౌమహల్లా ప్రాసాదములో దర్శనీయముగా ఉన్నది. చూచి ఆనందింపవలసినదేగాని, మనవంటివారు కొని నడుపవలసినది కాదు. ఈ ప్రసంగములో మనకు కావలసినది రాజుల కారు కాదు. డాక్టరుగారి కారు, ప్లీడరుగారి కారు, ప్రత్తి వ్యాపారి కారు.

అట్టి కార్లు మన దేశములో ప్రధానముగా మూడు కర్మాగారముల నుండి వచ్చినవి. మొదటిది హిందుస్థాన్ మోటార్సు. 1942లో స్థాపితమైన ఈ సంస్థ కలకత్తా సమీపమున ఉత్తరపారాలో కర్మాగారము నడిపినది. ఇంగ్లీషు మోరిస్ కార్ల నమూనాలపై హిందుస్థాన్ టెన్, ఫోర్టీన్, ల్యాండుమాస్టరు కార్లను తయారుచేసి, 1957-58 ప్రాంతమున అంబాసిడరును విడుదల చేసినది. అంబాసిడరు 2014 మే నెల వరకు తయారైనది. రెండవది బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సు. ఇది ఇటలీ ఫియట్ కంపెనీ నమూనాలపై 1954 నుండి 1100 కార్లను, 1964 నుండి డిలైటును తయారుచేసినది. ఆ కారే తరువాత ప్రెసిడెంటు అయి, 1974లో పద్మిని అయినది. బొంబాయి టాక్సీలలో చివరి పద్మిని 2023 అక్టోబరులో సెలవు తీసుకొన్నప్పుడు నగరవాసులు కంటతడి పెట్టిరి. మూడవది మన పొరుగుననున్న మద్రాసులోని స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు. వాన్‌గార్డు, ఎయిట్, టెన్, పెన్నెంటు, 1961 నుండి హెరాల్డు, ఈ సంస్థ కార్లు. మద్రాసుతో బేరసారములు నెరపిన మన కోస్తా కుటుంబముల ఛాయాచిత్రములలో ఈ స్టాండర్డు కార్లు తరచు కనబడును.

క్రొత్తగా ఈ అభిరుచికి పూనుకొనువారు వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? మా సలహా ఒక్కటే: విడిభాగములు దొరుకు కారును ఎన్నుకొనుడు. అంబాసిడరు ఐదు దశాబ్దములకు పైగా తయారైనది గనుక, దాని ఇంజిను భాగములు, బ్రేకు భాగములు నేటికిని దొరకుచున్నవి. చేతులకు నూనె అంటించుకొన్న మెకానిక్కులలో నడివయసు దాటిన ప్రతివాడును దానిని విప్పి బిగించి యుండును. ఫియటు తేలికైనది, చురుకైనది; 1089 ఘనసెంటీమీటర్ల ఇంజిను; గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన ఉండును. 1950 దశకపు ఫియట్లకు ముందు తలుపులు వెనుకవైపు బందులపై తెరచుకొనును. అభిమానులు వానికై వెదకుదురు. అందుచేతనే వాని విడిభాగములు కష్టము. హెరాల్డు అందగత్తె. ఇటలీ శిల్పి మికెలోట్టి దాని రూపకర్త. దాని ముందుభాగమంతయు ఒక్కటిగా పైకి లేచును. ఇంజిను చుట్టును తిరిగి పనిచేయవచ్చును. పై రేకు భాగములు వేరుగానున్న చాసిస్సుపై బోల్టులతో బిగింపబడి ఉండును గనుక, తుప్పుపట్టిన భాగమును విప్పి మార్చుకొనవచ్చును. అంబాసిడరు, ఫియట్లలో ఈ సౌలభ్యము లేదు. వానికి విడిగా చాసిస్సు లేదు. రేకు గూడే చాసిస్సు. రేకు పోయినచో బండియే పోయినట్లు.

అందుచేత పాత కారును పరీక్షించుటలో మొదటి సూత్రము: ఇంజిను కంటె ముందు అడుగుభాగమును చూడవలెను. కొనువారందరు బానెట్టు ఎత్తి ఇంజిను చూచి, స్టార్టుచేసి, శబ్దము విని సంతోషింతురు. ఇంజినును విప్పవచ్చును, సిలిండర్లు బోరు వేయింపవచ్చును, పిస్టన్లు మార్పింపవచ్చును. తుప్పు అట్టిది కాదు. వేటపాలెము, చీరాల, బాపట్ల ప్రాంతములు సముద్రమునకు దగ్గర. ఉప్పుగాలి రాత్రివేళ రేకుపై తేమగా దిగును. తేమతో కూడిన ఉప్పు రేకును లోపలినుండి తినివేయును. అదే కారు నరసరావుపేట వైపు మెట్ట ఊరిలో నిలిచియున్నచో రేకు ఎంతో మెరుగుగా ఉండును. కావున బండి ఏ యూరిదని కాదు, ఏ యూరిలో నిలిచియున్నదని అడుగవలెను.

పరీక్షకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక చిన్న అయస్కాంతము, ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు చాలును. అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి తలుపుల అడుగు అంచులపైన, చక్రముల పైనున్న వంపులపైన, ముందు దీపముల చుట్టును జరుపవలెను. రేకున్న చోట అది అంటుకొనును. రంగు క్రింద పుట్టీ నింపిన చోట జారిపోవును. తరువాత లోపలి చాపలు ఎత్తి నేల రేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టవలెను. గట్టి రేకు కంగుమనును. తుప్పు రేకు బొద్దుగా పలుకును. వెనుక కమాను పట్టీలు బిగించిన చోట్లు, తలుపుల క్రింది గుమ్మములు, డిక్కీలో స్టెప్నీ చక్రపు గుంట: ఈ మూడు చోట్లు బాగున్నచో తక్కినవానిని గురించి ఆలోచింపవచ్చును. క్రొత్తగా మెరయు రంగును చూచి మోసపోరాదు. రంగు వేయనివాని బండియే తరచు నిజము చెప్పును.

వేటపాలెపు ఫియటును మేము ఈ విధముగనే పరీక్షించితిమి. చీరాలనుండి వచ్చిన వృద్ధ మెకానిక్కు ఒకడు షెడ్డులో వెల్లకిల పరుండి అరగంట టార్చి వేసి చూచెను. గుమ్మములు ఒక ప్రక్క పోయినవనియు, నేల మాత్రము గట్టిగా ఉన్నదనియు చెప్పెను. మిరపకాయల గోతాములు పైన ఉండుటచే తేమ తక్కువైనదేమోనని ఆయన ఊహ. ఆ ఊహలో సత్యమెంతయో మేమెరుగము గాని, చిన్న మనుమని ముఖము మాత్రము వికసించినది.

అయితే అంతకుముందే ఒక పొరపాటు జరిగినది. ఉత్సాహముకొలది అతడు దాపుననున్న యొక షెడ్డువానిని పిలిపించి, క్రొత్త బ్యాటరీ పెట్టించి, సెల్ఫు నొక్కించెను. ఏండ్ల తరబడి కదలని ఇంజిను ఒకసారి మూలిగి, ఏదో విరిగినట్లు చప్పుడై, బిగిసిపోయినది. మన ఇండ్లలో తాతల నాటి వాల్వు రేడియోలున్న శ్రోతలకు ఈ సంగతి సులభముగా బోధపడును. ఏండ్ల తరబడి వాడని రేడియోను తిన్నగా కరెంటుకు తగిలించినచో కండెన్సర్లు పేలును. పాత ఇంజినుకును అదే మర్యాద. సిలిండర్ల లోపల పిస్టను రింగులు తుప్పుతో అంటుకొని యుండును. ముందు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములలో కొంచెము పలుచని నూనె పోసి, నాలుగైదు దినములు నాననీయవలెను. పిమ్మట పాత ఇంజినాయిలు దింపి క్రొత్తది పోసి, ప్లగ్గులు లేకుండగనే చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. స్వేచ్ఛగా తిరిగిన తరువాతనే బ్యాటరీ మాట. ఈ నాలుగు దినముల ఓపిక లేకపోవుటచే మా బంధువునకు ఇంజిను పని రెండింతలైనది.

ఇంజిను తిరిగినను వెంటనే రోడ్డెక్కరాదు. కదలుట కంటె ఆగుట ముఖ్యము. ఆ కార్లకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. చక్రముల వద్దనున్న బ్రేకు సిలిండర్లలో రబ్బరు గిన్నెలు ఎండి పగిలియుండును. రబ్బరు గొట్టములు లోపల ఉబ్బి పూడిపోయి యుండును. పైకి బాగున్నట్లు కనబడినను అన్నిటిని మార్పింపవలసినదే. టైర్ల విషయమునను అంతే. గాడులు లోతుగా ఉన్నవని మురియరాదు. పాత రబ్బరు వయసుచేతనే చెడును. వేగముగా పోవునపుడు పగిలిన టైరు మనుష్యుని ప్రాణము తీయగలదు. పెట్రోలు ట్యాంకును దింపి లోపల కడిగింపవలెను. విద్యుత్తు తీగలపై గుడ్డచుట్టు ఉన్న పాత బండ్లలో తీగలన్నిటిని క్రొత్తవి వేయించుట ఖర్చుతో కూడిన పనియైనను, నిప్పు భయమును తప్పించును.

పెట్రోలు గురించి కొంత విపులముగ చెప్పవలసి యున్నది. ఈ కార్లు పుట్టిననాడు పెట్రోలులో సీసము కలిపెడివారు. 2000 సంవత్సరమున మన దేశములో సీసపు పెట్రోలు అమ్మకము ఆగినది. జనుల ఊపిరితిత్తులకు అది మేలే. అయితే పాత ఇంజినులలో వాల్వులు కూర్చుండు చోట సీసము మెత్తవలె పనిచేసెడిది. అది లేకపోవుటచే, ఎక్కువ దూరములు వేగముగా నడిపినచో ఆ చోట్లు క్రమముగా అరగును. ఇంజిను విప్పినపుడు గట్టి ఉక్కుతో ఆ వలయములను మార్పించుకొన్నచో చింత లేదు. నేటి సమస్య వేరు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో ఇరువది శాతము ఎథనాలు కలుపుచున్నారు. చెరకు మడ్డి, ధాన్యముల నుండి తీయు ఈ మద్యసారము గాలిలోని తేమను పీల్చుకొనును; పాత రబ్బరును మెత్తబరచును; ట్యాంకులో తుప్పునకు దారితీయును. కావున పెట్రోలు గొట్టములను, పంపు పొరను, కార్బ్యురేటరులోని రబ్బరు భాగములను ఎథనాలునకు ఓర్చునట్టి క్రొత్త రకముతో మార్పింపవలెను. నెలల తరబడి బండి నిలుపునపుడు ట్యాంకులో పెట్రోలు నిలువ ఉంచరాదు. రెండు మూడు వారములకొకసారి అయినను బండిని వేడెక్కునంతవరకు నడుపుట అన్నింటికంటె మేలైన మందు.

ఇక కాగితముల విషయము. అనుభవజ్ఞులు చెప్పునదేమనగా, పాత కారులో తుప్పు కంటె భయంకరమైనది కాగితముల లోపము. కాగితములు లేని కారు ఎంత చౌకయైనను కొనరాదు. రిజిస్ట్రేషను పుస్తకములోని చాసిస్సు అంకెను, ఇంజిను అంకెను బండిపైనున్న అంకెలతో స్వయముగా సరిచూచుకొనవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను ఆగవలెను.

మన జిల్లాలలో దీనికి తోడు మరియొక చిక్కు కలదు. వేటపాలెము 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉండెను. ఆ యేడు ఒంగోలు జిల్లా ఏర్పడినది. 1972లో దానికి ప్రకాశము జిల్లాయని పేరు పెట్టిరి. 2022 ఏప్రిలులో వేటపాలెము బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. ఇల్లు కదలలేదు, కారు కదలలేదు. జిల్లా మాత్రము రెండుసార్లు మారినది. 1966లో రిజిస్టరైన బండికి మూలమైన దస్తరము గుంటూరులో వెదకవలసినది. తరువాతి కాలపు గుంటూరు బండ్లకు ఏపీ 7, ప్రకాశము బండ్లకు ఏపీ 27 అను అంకెలుండెను. 2019 నుండి రాష్ట్రమంతటికిని ఏపీ 39 వరుస వచ్చినది. పాత పుస్తకములోని ఊరి పేరును మాత్రమే నమ్మి నేటి జిల్లా కార్యాలయమునకు పోయినవారు ఉత్త చేతులతో తిరిగి వత్తురు.

మా బంధువుల యింట ఇంకొక సామాన్యమైన లోపము బయటపడినది. పుస్తకములో నేటికిని తాతగారి పేరే ఉన్నది. మన యిండ్లలో పొలమునకు పట్టా మార్పించుకొందుము గాని, కారునకు మార్పించుకొనము. యజమాని మరణించినచో ముప్పది దినములలో కార్యాలయమునకు తెలిపి, వారసుడు మూడు నెలలలో 31వ నమూనాలో దరఖాస్తు చేసికొనవలెనని నిబంధన. ఆలస్యమైనను దారి మూసికొనిపోదు; మరణ ధ్రువపత్రము, వారసత్వ పత్రము, తక్కిన వారసుల అంగీకారము కావలసి వచ్చును. ఇచటనే అన్నదమ్ముల తగవు మరల తలయెత్తినది. తమ్మునికి కారు దక్కవలెనన్నను అన్న సంతకము కావలెను గదా! బయటివారివద్ద కొనువారికి 29, 30 నమూనాలు; వేరొక రాష్ట్రపు బండి అయినచో అచటి అధికారుల నిరభ్యంతర పత్రము 28వ నమూనాలో తప్పనిసరి.

పేరు మారిన తరువాత రెండు త్రోవలున్నవి. మొదటిది సామాన్య రిజిస్ట్రేషను. సొంత కారునకు మొదటి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆపైన బండి యోగ్యతను పరీక్షించి ఐదేసి ఏండ్లకు పొడిగింతురు. 2022 ఏప్రిలు నుండి ఈ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగినది. 2025 ఆగస్టులో, ఇరువదియేండ్లు దాటిన కార్లకు 10,000 రూపాయలుగా నిర్ణయించిరి. గడువు దాటిన కాలమునకు అదనపు రుసుము వేరు. ఈ త్రోవలో ఉన్న లాభమేమనగా, బండిని తక్కిన కార్లవలెనే నడుపుకొనవచ్చును.

రెండవది వింటేజి రిజిస్ట్రేషను. క్రొత్తగా చేయించుటకు 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లును, పిమ్మట మరల చేయించుటకు 5,000 రూపాయలు. రాష్ట్రపు సంకేతాక్షరముల తరువాత ‘వీఏ’ అను అక్షరములు గల ప్రత్యేకమైన నంబరు పలక లభించును. దానికొక గౌరవము కలదు. అయితే ఈ బండిని నిత్యావసరములకు గాని, బాడుగకు గాని నడుపరాదు. ప్రదర్శనలు, పాత కార్ల ఊరేగింపులు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుట, మరమ్మతు, వీనికి మాత్రమే రోడ్డెక్కవచ్చును. అమ్మదలచినచో అమ్మినవారును కొన్నవారును తమ తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలుపవలెను. ఆదివారమునాడు పిల్లలను ఎక్కించుకొని చీరాల పోవలెనని కోరువారు, వీఏ పలక మోజులో పడి ఆ హక్కును వదలుకొనరాదు. అరుదైన బండిని చూపుటకే ఉంచుకొనదలచినవారికి మాత్రము ఈ త్రోవ తగినది.

నడుపుట యనునది వేరొక విద్య. నేటి కార్లకు అలవాటుపడిన కాలు పాత బ్రేకును త్రొక్కినచో, బండి ఆగునను నమ్మకము ఆలస్యముగా కలుగును. కావున ముందు బండికిని మన బండికిని నడుమ నేడు విడుచు దూరమునకు రెట్టింపు విడువవలెను. మిర్చి పంట వచ్చు దినములలో గుంటూరు యార్డు త్రోవన లారీలు బారులు తీరును. ఆ వరుసలో డ్రమ్ము బ్రేకుల కారును ఇరికించుట సాహసము కాదు, అవివేకము. ఆ కార్లలో మొదటి గేరు మెత్తగా పడదు. బండి పూర్తిగా ఆగిన పిమ్మటనే వేయవలెను. మన ఎండలలో పెట్రోలు కార్బ్యురేటరు చేరకముందే పంపులో ఆవిరియై ఇంజిను ఆగుట కలదు. పూర్వపు డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ వేసి పది నిమిషములు చెట్టునీడన కూర్చుండెడివారు. నేటికిని అంతకంటె మంచి ఉపాయము లేదు. ఏప్రిలు, మే నెలలలో ఉదయము తొమ్మిది లోపల ప్రయాణము ముగించుట ఉత్తమము. ఆ కార్లకు సీటు బెల్టులు లేవు. గట్టి చోట బిగించి అమర్చుకొన్నచో చూపునకు లోపమైనను ప్రాణమునకు మేలు. పసిపిల్లలను ముందు సీటున కూర్చుండబెట్టరాదు.

ఖర్చు మాట అడుగువారికి ఒక మాట చెప్పుదుము. కొన్న ధర చిన్నది. బాగుచేయించు ధర పెద్దది. తిరిగి అమ్మినపుడు రెండును రావు. లాభముపై కన్నువేసి ఈ పనికి పూనుకొనువారు చింతింతురు. ఒకేసారి అంతయు విప్పించి, డబ్బు చాలక, విప్పిన భాగములు మూటలు కట్టి అటకెక్కించినవారిని మేమెరుగుదుము. విప్పినదానిని ఛాయాచిత్రము తీసి, భాగములకు చీటీలు కట్టి, ఒక్కొక్క పని పూర్తిచేసి, తరువాతి పనికి పోవువారు గమ్యము చేరుదురు. బ్రేకులు, తరువాత ఇంజిను, తరువాత తీగలు, తరువాత తుప్పు, చివరకు రంగు. మనలో పలువురు రంగుతో మొదలు పెట్టుదురు.

వేటపాలెపు కథ ముగియలేదు. మేము తీర్పేమియు చెప్పలేదు. చెప్పవలసిన అవసరము రాలేదు. దస్తరమునకై గుంటూరునకు పోయినపుడు తమ్మునితో అన్న కూడ బయలుదేరెను. బేరమునకు వచ్చిన తుక్కు వ్యాపారికి బయానా తిరిగి ఇచ్చివేసినది ఆయనయే. పెండ్లి పందిరికి జాగా కావలెను గనుక, బండిని నలుగురు మనుష్యులు నెట్టి వీధివైపు వసారాలోనికి చేర్చిరి. టైర్లు మారినవి, బ్రేకులు పూర్తియైనవి, ఇంజిను బోరు పనికి పోయినది. పేరు మార్పు దరఖాస్తుపై అన్నగారి సంతకము పడినది. కారు ఇంకను రోడ్డెక్కలేదు. ఎక్కు దినమున మొదట ఎచటికి పోవుదురని అడిగితిమి. గ్రంథాలయము వరకు పోయి వత్తుమని తమ్ముడు చెప్పెను. తాతగారు ప్రతి ఉదయము పత్రిక చదువుటకు ఆ కారులో అచటికే పోయెడివారట.

శ్రోతలారా! మీ పెరటిలోనో, అత్తవారి ఊరిలోని గాదె ప్రక్కనో ఇట్టి బండి ఒకటి నిలిచి యుండవచ్చును. తుక్కువానిని పిలుచుటకు ముందు నాలుగు పనులు చేయుడు. రిజిస్ట్రేషను పుస్తకమును వెదకుడు. చాసిస్సు అంకెను వ్రాసికొనుడు. చాప ఎత్తి నేల రేకును తట్టి చూడుడు. బండిని గురించి తెలిసిన పెద్దలింకను జీవించి యున్నచో, వారివద్ద కూర్చుండి దాని సంగతులడిగి వ్రాసి పెట్టుకొనుడు. ఈ నాలిగింటికి ఒక ఉదయము చాలును. అప్పటికిని తుక్కునకే పంపదగినదని తేలినచో, ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమునకే పంపి, ధ్రువపత్రము పుచ్చుకొని, రిజిస్ట్రేషను రద్దు చేయించుడు; లేనిచో మీ తాతగారి పేరిట ఉన్న నంబరు పలక ఏ దొంగబండిపై తిరుగునో చెప్పలేము. కోయించిన బండిని మరల అతికింపలేము గనుక, ఆ నిర్ణయమును మాత్రము తొందరపడి చేయకుడు.